మీడియా, పీఆర్, మార్కెటింగ్: మొదటి ఇంటర్న్‌షిప్, మొదటి ఉద్యోగం ఎలా వెతుక్కోవాలి?

 

ఈరోజు నిజానికి వేరే విషయం మాట్లాడాలనుకున్నాను. స్క్రిప్టు కూడా రాసుకున్నాను. అయితే మూడు వారాల క్రితం ఒక మెసేజ్ వచ్చింది. సూర్యాపేట నుంచి ఒక తండ్రి పంపారు. ఆయన రాసింది దాదాపు ఆయన మాటల్లోనే చెప్తాను. "మేడం, మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. మీడియాలో పనిచేయాలని కోరిక. హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాళ్లు ఇంటర్న్‌షిప్ ఇస్తామన్నారు. రిజిస్ట్రేషన్‌కి పదిహేను వేలు కట్టమంటున్నారు. రేపు సాయంత్రం లోపల కట్టకపోతే సీటు వేరేవాళ్లకి పోతుందట. కట్టమంటారా?"

ఆ మెసేజ్ చదివాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదండి. ఎందుకో చెప్తాను.

నాది ప్రొద్దుటూరు. 2009లో బీకాం పూర్తిచేసి హైదరాబాద్ వచ్చాను. తెలుగులో న్యూస్ ఛానళ్లు వరసగా పుట్టుకొస్తున్న కాలం అది. టీవీలో కనిపించాలి, వార్తలు చదవాలి, అదీ నా ఆశ. ఒక సంస్థ వాళ్లు "శిక్షణ, తర్వాత ఉద్యోగం గ్యారంటీ" అన్నారు. ఎనిమిది వేలు కట్టమన్నారు. మా నాన్న చీటీ పాడి ఆ డబ్బు పంపించారు. రెండు నెలలు వెళ్లాను. ఒక గది, ఒక కెమెరా, ముప్ఫై మంది పిల్లలం. ఆ రెండు నెలల్లో కెమెరా ముందు నేను నిలబడింది మొత్తం కలిపి పది నిమిషాలు ఉంటుందేమో. చివరికి నా ఫొటో అతికించి, లామినేషన్ చేసి, ఎర్రటి అక్షరాలతో 'ప్రెస్' అని రాసిన కార్డు ఒకటి చేతిలో పెట్టారు. తర్వాతి నెల వెళ్తే షట్టర్ వేసి ఉంది. ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇదిగో, చూడండి. ఎనిమిది వేల రూపాయల కార్డు.

కాబట్టి ఈరోజు విషయం ఇదే. మీడియా, కమ్యూనికేషన్స్, మార్కెటింగ్ రంగాల్లో మొదటి అడుగు ఎలా వేయాలి? ఎక్కడ వెతకాలి, ఏం చూపించాలి, ఎవరికి రాయాలి, ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉండాలి? నేను తర్వాత పత్రిక డెస్కులో చేశాను, పీఆర్‌లో చేశాను, ఇప్పుడు ఒక ఏజెన్సీలో తెలుగు కంటెంట్ టీమ్ చూస్తున్నాను. కొత్తవాళ్ల ఇంటర్వ్యూలు నేనే చేస్తాను. బల్లకి ఆ వైపూ కూర్చున్నాను, ఈ వైపూ కూర్చున్నాను. ఆ రెండు వైపుల నుంచీ చెప్తాను.

ముందు, ఏ పని కావాలి?

"మీడియాలో చేస్తానండి" అని చాలామంది అంటారు. మీడియాలో ఏం చేస్తారు అని అడిగితే ఆగిపోతారు. ఇది తప్పు కాదు, ఎవరూ చెప్పలేదంతే. మూడు గదులు ఉన్నాయనుకోండి.

మొదటి గది వార్తలు. ఇందులో రిపోర్టింగ్ ఒకటి, డెస్కు ఒకటి. రిపోర్టర్ బయట తిరిగి సమాచారం తెస్తాడు. డెస్కులో సబ్ ఎడిటర్ దాన్ని సరిదిద్ది, హెడ్డింగ్ పెట్టి, పేజీలో కూర్చోబెడతాడు. టీవీలో అయితే ఇన్‌పుట్, ఔట్‌పుట్ అంటారు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే యాంకర్ కుర్చీ ఇవ్వరు. స్క్రోలింగ్ టైప్ చేయిస్తారు, ఏజెన్సీ కాపీ తెలుగు చేయిస్తారు, బైట్లు కట్ చేయిస్తారు. వెబ్‌సైట్ డెస్కులో అయితే వార్త రాయడంతో పాటు, అది గూగుల్‌లో దొరికేలా హెడ్డింగ్ పెట్టడం, ఫోన్‌కి నోటిఫికేషన్ పంపడం, వీడియోకి థంబ్‌నెయిల్ ఆలోచించడం, ఇవన్నీ ఉంటాయి.

రెండో గది కమ్యూనికేషన్స్, అంటే పీఆర్. ఒక ఆసుపత్రో, ఒక కాలేజీనో, ఒక స్వచ్ఛంద సంస్థో తమ విషయం జనానికి చెప్పుకోవాలి. ప్రెస్‌నోట్ రాయడం, ఏ పత్రికలో ఏ బీట్ ఎవరు చూస్తారో జాబితా పెట్టుకోవడం, ప్రెస్‌మీట్ ఏర్పాటు చేయడం, మర్నాడు ఏ పేపర్లో ఎంత వచ్చిందో కత్తిరించి క్లయింట్‌కి పంపడం. కొత్తవాళ్లకి ముందు దక్కేది ఈ చివరి పనే. ఉదయం ఆరింటికే పేపర్లన్నీ తిరగేయాలి. విసుగ్గా ఉంటుంది. కానీ మూడు నెలలు చేస్తే ఏ పత్రిక దేనికి ఎంత చోటిస్తుందో మీకు కంఠతా వచ్చేస్తుంది. అది ఏ కోర్సులోనూ రాదు.

మూడో గది మార్కెటింగ్, ప్రకటనలు. ఇక్కడ కాపీ రాసేవాళ్లు వేరు, క్లయింట్‌తో మాట్లాడేవాళ్లు వేరు, ఏ ప్రకటన ఎక్కడ ఎంత ఖర్చుతో వేయాలో లెక్కకట్టే మీడియా ప్లానర్లు వేరు, సోషల్ మీడియా పేజీలు నడిపేవాళ్లు వేరు. లెక్కలంటే ఇష్టమున్న బీకాం, బీఎస్సీ పిల్లలకి ఈ ప్లానింగ్ పని బాగా సరిపోతుంది. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని కూడా మన ఊళ్లలో చాలామందికి తెలియదు.

ఒక గది ఎంచుకున్నంత మాత్రాన జీవితాంతం అందులోనే ఉండాలని లేదు. నేనే మూడూ తిరిగాను. కానీ మొదటి తలుపు కొట్టేటప్పుడు మాత్రం ఏ తలుపు కొడుతున్నారో తెలిసి ఉండాలి.

తలుపులు ఎక్కడున్నాయి?

ఒకటి, పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లు. ఈనాడు 1974లో విశాఖపట్నంలో మొదలైంది. తర్వాత తమకి కావాల్సిన పాత్రికేయుల్ని తామే తయారుచేసుకోవడానికి జర్నలిజం స్కూల్ పెట్టుకుంది. మరికొన్ని పెద్ద తెలుగు పత్రికలదీ అదే దారి. రాతపరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. గమనించండి, వాళ్లు మీకు ఇస్తారు, మీరు వాళ్లకి కట్టరు. నోటిఫికేషన్ వాళ్ల పేపర్లోనే, వాళ్ల వెబ్‌సైట్‌లోనే వస్తుంది. పరీక్షలో ఎక్కువగా చూసేది మూడు: మీ తెలుగు, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం, వర్తమాన వ్యవహారాలు. శిక్షణ తర్వాత ఇన్నేళ్లు పనిచేయాలని ఒప్పందం ఉండొచ్చు. సంతకం పెట్టేముందు ప్రతి లైనూ చదవండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ముందే అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

రెండు, యూనివర్సిటీలు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లోనే మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉన్నాయి. వీటిలో చదివితే వచ్చే పెద్ద లాభం పాఠాలు కాదు, సీనియర్లు. ఏ న్యూస్‌రూమ్‌లో చూసినా ఒక సీనియర్ ఉంటారు. మీరు అక్కడ చదవకపోయినా పర్వాలేదు. మీ కాలేజీలో మీకంటే మూడేళ్ల ముందు పాసైనవాళ్లు ఎక్కడున్నారో లింక్డిన్‌లో వెతకండి. మీ ఊరి పేరుతో వెతకండి. ప్రొద్దుటూరు అమ్మాయినని ఎవరైనా రాస్తే నేను జవాబివ్వకుండా ఉండలేను. మనుషులం కదండీ.

మూడు, చిన్న ఏజెన్సీలు. పెద్ద కంపెనీల ప్రకటనలకి వేలమంది అప్లై చేస్తారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో పదిమంది, పదిహేను మంది ఉండే డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలు చాలా ఉన్నాయి. వాళ్లు పెద్దగా ప్రకటనలు ఇవ్వరు. మనిషి అవసరమైనప్పుడు తెలిసినవాళ్లని అడుగుతారు. ఆ సమయానికి మీ మెయిల్ వాళ్ల ఇన్‌బాక్స్‌లో ఉండాలి. ఇంటర్న్‌శాల, లింక్డిన్ లాంటి చోట్ల కూడా రోజూ చూడండి. కానీ చూస్తూ కూర్చోవద్దు.

నాలుగు, ఎవరూ లెక్కలోకి తీసుకోని చోటు. మీ ఊరే. మీ జిల్లా ఆసుపత్రి, ఇంజనీరింగ్ కాలేజీ, బట్టల షోరూమ్, విత్తనాల కంపెనీ, వీటన్నిటికీ ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. దాన్ని సరిగ్గా నడిపే మనిషి మాత్రం లేడు.

సర్టిఫికెట్ కాదు, చేసిన పని

నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఫైల్లో పన్నెండు సర్టిఫికెట్లు పెట్టుకొని వచ్చే పిల్లలు ఉంటారు. వాటిని తప్పు పట్టను. గూగుల్ వాళ్లవి, హబ్‌స్పాట్ వాళ్లవి ఉచిత కోర్సులు ఉన్నాయి. ప్రకటనలు, అనలిటిక్స్ మాటలు తెలియడానికి అవి మంచివే. డబ్బు పెట్టి కోర్సు చేసేముందు అవి చేయండి. అయితే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మీరు చేసింది ఏదైనా చూపించండి."

ఐదు పనులు చెప్తాను. ఇంట్లో కూర్చొని, రెండు నెలల్లో చేయగలిగినవి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

మొదటిది, మీ ఊరి గురించి ఒక వార్తాకథనం. ఆరు వందల పదాలు చాలు. ముగ్గురితో మాట్లాడి రాయాలి. బస్టాండ్‌లో మంచినీళ్లు ఎందుకు రావడం లేదు? కూర్చొని అభిప్రాయం రాస్తే అది వ్యాసం. డిపో మేనేజర్‌ని, అక్కడ నీళ్ల బాటిళ్లు అమ్మే మనిషిని, బస్సు కోసం ఎదురుచూసే పెద్దావిడని అడిగి రాస్తే అది రిపోర్టింగ్.

రెండోది, ఒక అనువాదం. ఇంగ్లీషు వార్త తీసుకొని తెలుగులో రాయండి. రాశాక మీ అమ్మకి చదివి వినిపించండి. ఒకసారి మా దగ్గర పరీక్షలో, కొత్త వంతెన మీద రాకపోకలు మొదలవుతాయి అని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఇచ్చాం. అందులో 'త్రోన్ ఓపెన్' అనే మాట ఉంది. ఒక అబ్బాయి "వంతెన ప్రజలకు తెరిచి విసిరివేయబడుతుంది" అని రాశాడు. నవ్వొచ్చింది, బాధా వేసింది. ఎందుకంటే ఆ అబ్బాయి మాట్లాడే తెలుగు ఎంత బాగుందో! పెన్ను పట్టుకోగానే ఆ తెలుగు పారిపోయింది. "సోమవారం నుంచి కొత్త వంతెన మీద వెళ్లొచ్చు." ఇంతే కదా రాయాల్సింది.

మూడోది, ఒక ప్రెస్‌నోట్. మీ కాలేజీలో రక్తదాన శిబిరం జరిగింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది, ఎందుకు. ఒక పేజీలో రాయండి. మీ ఊరి విలేకరులకి ఇవ్వండి. నాలుగు లైన్లు అచ్చయినా సరే, కత్తిరించి దాచుకోండి. అది మీ మొదటి కవరేజ్.

నాలుగోది, ఒక పేజీ నడపడం. మీ మేనమామ కర్రీ పాయింట్ కావచ్చు, మీ పక్కింటి ఆవిడ పచ్చళ్లు కావచ్చు. నెలరోజులు ఆ పేజీ మీరు నడపండి. మొదటిరోజు ఎంతమంది ఫాలోవర్లు, ఎన్ని ఫోన్ కాల్స్, ముప్ఫైయ్యో రోజు ఎన్ని, రాసి పెట్టుకోండి. పెరగకపోతే ఎందుకు పెరగలేదో రాయండి. నేను పనిలోకి తీసుకున్న ఒక అమ్మాయి పేజీకి ఫాలోవర్లు పెద్దగా పెరగనేలేదు. ఆమె ఒక కాగితం మీద రాసుకొచ్చింది: "నేను ఉదయం పదింటికి పోస్టులు పెట్టాను. కొనేవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చూస్తున్నారు. అది నాకు మూడో వారంలో తెలిసింది." ఆ కాగితం చూసి తీసుకున్నాను. ఒక మాట, డబ్బు తీసుకొని లేదా సరుకు ఉచితంగా తీసుకొని ఒక వస్తువు గురించి పోస్టు పెడితే, అది ప్రకటన అని అందులోనే చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆస్కీ 2021లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది తెలిసిన ఫ్రెషర్ ఇంటర్వ్యూలో వేరుగా కనబడతారు.

ఐదోది, ఒక నిమిషం వీడియో. ఫోన్‌తో తీసి, ఫోన్‌లోనే ఎడిట్ చేసి, తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టండి. అక్షరదోషాలు లేకుండా. వత్తులు చూసుకోండి. నేను చూస్తాను!

ఈ ఐదూ ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టండి. లింక్ తెరిస్తే అనుమతి అడగకుండా తెరుచుకోవాలి. దీన్ని వేరేవాళ్ల ఫోన్‌లో ఒకసారి పరీక్షించండి. సగం మంది ఇక్కడే తప్పిపోతారు.

చాలామంది అడుగుతున్నారు, ఇప్పుడు ఏఐ అన్నీ రాసేస్తోంది కదా మేడం, ఇంక మేమెందుకు అని. నిజమే, అనువాదం క్షణాల్లో వస్తోంది. వచ్చిన అనువాదంలో తప్పు పట్టుకోవాలంటే మీకు తెలుగు ఇంకా బాగా రావాలి. అదొకటి. బస్టాండ్‌లో పెద్దావిడ పక్కన కూర్చొని ఆమె చెప్పేది వినే పని దానికి రాదు. అది రెండోది. దాన్ని వాడుకోండి, దాచొద్దు. ఇంటర్వ్యూలో అడిగితే ఎక్కడ వాడారో చెప్పండి.

ఆ మెయిల్ ఎలా రాయాలి?

నాకు వచ్చే మెయిళ్లు చాలావరకు "రెస్పెక్టెడ్ సర్" అని మొదలవుతాయి. నేను సర్ కాదు కదా! అదే మెయిల్ యాభైమందికి పంపారని అక్కడే తెలిసిపోతుంది. కింద ఏమీ ఉండదు, సీవీ మాత్రం ఉంటుంది.

ఒక నమూనా చెప్తాను. రాసుకోండి.

"నమస్తే మేడం. నేను మహబూబ్‌నగర్‌లో బీఏ పూర్తిచేశాను. మీ ఏజెన్సీ గత నెల చేసిన చేనేత ప్రచారంలో తెలుగు క్యాప్షన్లు చూశాను, రెండోది నాకు బాగా నచ్చింది. మా ఊరి పచ్చళ్ల వ్యాపారం పేజీని నెలరోజులు నడిపాను. దాని వివరాలు, మరో నాలుగు నమూనాలు ఈ లింక్‌లో ఉన్నాయి. మీ తెలుగు కంటెంట్ టీమ్‌లో మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి అవకాశం ఉందా? జూన్ ఒకటి నుంచి హైదరాబాద్‌లో ఉండగలను."

చూడండి, ఏడు లైన్లు లేవు. ఎవరికి రాస్తున్నారో తెలుసుకొని రాశారు, ఏం చేశారో చూపించారు, ఏం కావాలో, ఎప్పటినుంచో చెప్పారు. ఇంతే. ఇంగ్లీషులో రాసినా ఇదే పద్ధతి. వారం రోజులు ఆగండి. జవాబు లేకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే తర్వాతి చోటికి వెళ్లండి. ఎవరికి, ఏ తేదీన రాశారో ఒక నోటు పుస్తకంలో పెట్టుకోండి. జవాబు రాకపోవడం అంటే మీకు చేతకాదని కాదు. నేను కూడా కొన్ని మెయిళ్లకి జవాబివ్వలేకపోయాను. అవి ఎవరివో ఈ ఎపిసోడ్ చూస్తుంటే, క్షమించండి.

డబ్బు సంగతి

ఇప్పుడు కష్టమైన మాట. జీతం లేని ఇంటర్న్‌షిప్ చేయాలా వద్దా?

అమీర్‌పేటలోనో ఎస్సార్‌నగర్‌లోనో హాస్టల్‌లో ఉండి, బస్ పాస్ కొనుక్కొని, మూడు నెలలు ఉచితంగా పనిచేయడం అంటే ఆ మూడు నెలల జీతం మీ నాన్న ఇస్తున్నట్టు లెక్క. హైదరాబాద్‌లో సొంత ఇల్లున్న పిల్లలకి ఇది చిన్న విషయం. ఊరి నుంచి వచ్చినవాళ్లకి కాదు. అందుకే నేను మా దగ్గర ఇంటర్న్‌కి ఎంతో కొంత ఇవ్వాల్సిందేనని పట్టుబట్టాను. అన్నిచోట్లా అలా ఉండదు. కాబట్టి చేరేముందు ఐదు ప్రశ్నలు అడగండి. స్టైపెండ్ ఎంత, ఏ తేదీన ఇస్తారు? ఎన్ని నెలలు, రోజుకి ఎన్ని గంటలు? నా పని ఎవరు చూసి దిద్దుతారు? నేను రాసినదాన్ని నా నమూనాల్లో పెట్టుకోవచ్చా? ఇవన్నీ మెయిల్‌లో రాసిస్తారా?

జీతం లేకపోయినా, రోజూ పక్కన కూర్చొని దిద్దే సీనియర్ ఉంటే, అది ఆరు వారాలు మించకుండా ఉంటే, ఇంట్లో వీలుంటే ఆలోచించండి. దిద్దేవాళ్లు లేరు, డబ్బు లేదు, పని మాత్రం రాత్రి పదకొండింటి దాకా ఉంది అంటే, అది ఇంటర్న్‌షిప్ కాదు.

ఇక అమ్మాయిలకి ఒక మాట. న్యూస్ డెస్కుల్లో రాత్రి షిఫ్టులు ఉంటాయి. ఇంటికి చేర్చే బండి ఇస్తారా అని మొదటిరోజే అడగండి. అలాగే, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం 2013 మీకూ వర్తిస్తుంది. "నేను ఉద్యోగిని కాదు, ఇంటర్న్‌ని" అని నోరు మూసుకోవాల్సిన పని లేదు. శిక్షణలో ఉన్నవాళ్లూ ఆ చట్టం కిందికే వస్తారు. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో తెలుసుకోవడం మీ హక్కు.

ఎవరైనా డబ్బు అడిగితే

ఇప్పుడు ఆ సూర్యాపేట మెసేజ్ దగ్గరికి వస్తాను.

ఒక్కటే సూత్రం: పని ఇచ్చేవాడు డబ్బు అడగడు. రిజిస్ట్రేషన్ అన్నా, సెక్యూరిటీ డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ చార్జీ అన్నా, ఐడీ కార్డు ఫీజు అన్నా, ఏ పేరు పెట్టినా అదే. కోర్సుకి ఫీజు వేరు. కోర్సు అయితే కోర్సు అని చెప్పాలి, రసీదు ఇవ్వాలి, ఉద్యోగం పేరుతో అమ్మకూడదు.

ఎలా పరీక్షించాలి? కంపెనీ అని చెప్పుకుంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందో లేదో చూడొచ్చు. జీఎస్టీ నంబర్ ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో అది ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. పత్రిక అంటే దాని పేరు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర నమోదై ఉండాలి. దాన్నే ఇదివరకు ఆర్ఎన్ఐ అనేవాళ్లం. శాటిలైట్ ఛానల్ అంటే కేంద్ర సమాచార ప్రసార శాఖ అనుమతించిన ఛానళ్ల జాబితాలో ఉండాలి. యూట్యూబ్ ఛానళ్లు ఈ జాబితాల్లో ఉండవు. అంతమాత్రాన అవి మోసమని కాదు, మంచిగా నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మూడు వేలకి, ఐదు వేలకి ప్రెస్ కార్డు అమ్మేవాడి దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. డబ్బుకి కొన్న ప్రెస్ కార్డుకి ఏ విలువా లేదు. ప్రభుత్వ అక్రిడిటేషన్ అనేది వేరు. అది సమాచార పౌరసంబంధాల శాఖ, పనిచేస్తున్న జర్నలిస్టులకి నిబంధనల ప్రకారం ఇచ్చేది.

ఇంకో రకం మోసం ఉంది. "పార్ట్‌టైమ్ డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం, వీడియోలకి లైక్ కొడితే డబ్బు" అని వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వస్తుంది. మొదట నూటయాభై, రెండొందలు నిజంగానే వేస్తారు. తర్వాత పెద్ద టాస్క్ కోసం మిమ్మల్నే కట్టమంటారు. కట్టింది తిరిగి రాదు. ఇది మార్కెటింగ్ కాదు, మోసం. అలా డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆ రాత్రి ఆయనకి నేను ఒకటే రాశాను. "సార్, రేపు వాళ్లకి ఫోన్ చేసి మూడు మాటలు అడగండి. జీఎస్టీ నంబర్‌తో రసీదు ఇస్తారా? అమ్మాయి కూర్చునే చోటు ముందు వచ్చి చూడొచ్చా? ఇంతకుముందు అక్కడ చేసిన ఇద్దరితో మాట్లాడిస్తారా?" మర్నాడు ఆయన ఫోన్ చేశారు. మూడింటికీ ఒకటే జవాబట: "సార్, ఈరోజే లాస్ట్ డేట్." ఆయన కట్టలేదు.

ఆ అమ్మాయితో కూడా మాట్లాడాను. మొదట నా మీద కోపంగానే ఉంది. ఉన్న ఒక్క అవకాశం నేను చెడగొట్టానని ఆమె బాధ. నాకు అర్థమైంది. 2009లో నన్ను ఎవరైనా ఆపినా నేనూ కోప్పడేదాన్ని. తర్వాత వారానికి తను రాసిన కథనం ఒకటి పంపింది. వాళ్ల వీధిలో కుట్టుమిషన్ పెట్టుకున్న నలుగురు ఆడవాళ్ల గురించి. స్కూల్ యూనిఫాంల ఆర్డర్ పూర్తిచేశారు, డబ్బు ఇంకా చేతికి రాలేదు. బాగా రాసింది. రెండుచోట్ల దిద్దాను. పోయిన ఆదివారం ఒక జర్నలిజం స్కూల్ రాతపరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. రాకపోయినా ఆమె ఫోల్డర్‌లో ఇప్పుడు మూడు పనులున్నాయి. పదిహేను వేలు ఆ ఇంట్లోనే ఉన్నాయి.

చివరగా ఒక సంగతి. ఆ ఎనిమిది వేలు పోయాయని మా నాన్నకి ఇన్నేళ్లూ చెప్పలేదు. ఉద్యోగం ఆ శిక్షణ వల్లే వచ్చిందని ఆయన అనుకుంటున్నారు. ఈ వీడియో ఆయన చూస్తారు కదా, అందుకని నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఆ చీటీ పెట్టినోడు మరుసటేడు ఊరొదిలి పోయినాడు గదమ్మా. అప్పుడు పాడకపోయింటే అదీ పోయేదే. పోనీలే."

అంత తేలిగ్గా అంటారని తెలిస్తే పదిహేనేళ్ల కిందే చెప్పేదాన్ని. అందుకే మీకూ చెప్తున్నాను. మోసపోతే ఇంట్లో చెప్పండి. తిడతారేమో, తిట్టనివ్వండి. చెప్పకపోతే మీ వెనక వచ్చే తమ్ముడో చెల్లెలో అదే షట్టర్ ముందు నిలబడతారు.

ఈ వారం పని: ఆ ఐదింటిలో ఒకటి మొదలుపెట్టండి. ఒక్కటి చాలు. బస్టాండ్‌కి వెళ్లండి, ముగ్గురితో మాట్లాడండి.

వచ్చే వారం ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.